కార్డులో ఉన్న వయసు

మార్చి 12, బుధవారం

రెండు మిషన్లు పోయాయి. ఆరింటిలో నాలుగు మిగిలాయి. హైదరాబాదు నుంచి వచ్చిన మెకానిక్ మూతలు విప్పి చూసి, మళ్ళీ బిగించి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ భాగాలు ఇప్పుడు తయారు కావడం లేదట. కొత్తవి కొనాలంటే ట్రస్టు వాళ్ళు మీటింగు పెట్టాలి, మీటింగు పెట్టాలంటే ఛైర్మన్ గారు ఊళ్ళో ఉండాలి. ఆయన ఎప్పుడు ఉన్నారు గనుక!

యాభై నాలుగు మందికి వారానికి రెండుసార్లు ఉచితంగా డయాలసిస్ చేస్తున్నాం. ఇక ముప్పై ఆరు మందికే వీలవుతుంది. సాయంత్రం డాక్టర్ వీరభద్ర గారు నన్ను పిలిచి తలుపు వేశారు. "అరవై అయిదు దాటినవాళ్ళను వెయిటింగ్‌లో పెట్టు రమణీ. ఇది ఎక్కడా రాయొద్దు" అన్నారు. ఆయనే చెప్పుకుపోయారు. "నేనొక గీత గీయకపోతే రేపట్నుంచి నాయకుల ఫోన్లు గీస్తాయి. ఫోన్ చేయించుకోగలిగినోడే మిషన్ ఎక్కుతాడు. వయసైతే ఎవడూ సిఫార్సుతో మార్చలేడు. కార్డులో ఏముంటే అది."

వయసు ఎవరూ మార్చలేరట. నేను తల ఊపాను.

మార్చి 13

పద్దెనిమిది మందికి ఫోన్లు చేశాను. తిట్టినవాళ్ళే నయం. బుధవారప్పేటలో బట్టలు కుట్టే ముసలాయన "పర్వాలేదులేమ్మా, చిన్నోళ్ళు ఎక్కనీ" అని, నేను అన్నం తిన్నానా లేదా అని అడిగాడు. ఆ తర్వాత మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు.

మార్చి 18, మంగళవారం

కొత్త పేషెంటు. గురమ్మ, పత్తికొండ అవతల ఊరు. కొడుకు ఓబులేసు తోలుకొచ్చాడు. అతనిది టమాటా మార్కెట్లో బాక్సులు ఎత్తే పని. ఆమె ఎప్పటినుంచో నడుము నొప్పికి, మోకాళ్ళ నొప్పికి అంగడి మాత్రలు మింగి మింగి కిడ్నీలు పోగొట్టుకుంది. ఈ జిల్లాలో సగం మంది కథ ఇదే. రెండు నెలలు ప్రైవేటులో చేయించారు, మేకలు అయిపోయాయి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతి నరానికి ఫిస్టులా అక్కడే వేయించారు.

ఆధార్ కార్డు చూశాను. పుట్టిన తేదీ 01-01-1947. వెయిటింగ్ అని చెప్పాను.

"ఆ కార్డు తప్పు సిస్టరమ్మా" అన్నాడు ఓబులేసు. "మా యమ్మకు అరవై గూడా లేవు. నన్ను జూడు, నాకు ముప్పై తొమ్మిది. నేనే పెద్దకొడుకును. కార్డు ప్రకారమైతే నన్ను నలభై ఏండ్లకు కనిందా?"

"కార్డులో ఏముంటే అదే నాయనా. నా చేతిలో ఏం లేదు" అన్నాను.

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంటూ నన్నే చూస్తూ కూర్చుంది. ఆమెను నేను ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

మార్చి 19

ఈ డైరీ ఎవరూ చదవరు. అయినా నిన్న ఇందులో కూడా అబద్ధం రాశాను.

మార్చి 21, శుక్రవారం

మళ్ళీ వచ్చారు. పేరు పైకి జరిగిందేమోనని ఆశ. నీళ్ళ డ్రమ్ముల దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె నా మోచెయ్యి తాకింది. "నువ్వు మా ఊరి సూదుల సిస్టరమ్మవే గదా? ఒళ్ళు చేసినావు. బాగుండావా తల్లీ?" అంది.

బాగున్నాననే చెప్పాను.

రాయాలి. రాసేస్తే కాస్త బరువు దిగుతుందేమో. పదమూడేళ్ళ కిందట ఆ ఊళ్ళో నేను కాంట్రాక్టు ఏఎన్ఎంను. వరసగా రెండేళ్ళు చెనిక్కాయ పైరు ఎండిపోయింది. ముసలివాళ్ళ పింఛనుకు అరవై అయిదు నిండినట్టు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. అప్పటి డాక్టరు ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి కట్ట నా చేతికిచ్చి, "చూసి రాయి" అన్నాడు. పళ్ళు చూసి, తల వెంట్రుకలు చూసి రాయాలి. ఆ ఊళ్ళో ఎండకు నలభై ఏళ్ళ ఆడమనిషి అరవై ఏళ్ళదానిలా ఉండేది. ఒక్క మధ్యాహ్నం ఇరవై ముగ్గురికి రాశాను. అందరికీ ఒకటో జనవరి. ఆ తర్వాత ఆధార్ వాళ్ళు వచ్చినప్పుడు ఆ కాగితమే చూపించి అదే వయసు ఎక్కించుకున్నారు.

గురమ్మ మొగుడికి అప్పుడే పక్షవాతం వచ్చింది. మొగుడు బతికే ఉన్నాడు కాబట్టి వితంతు పింఛను రాదు. జాలిపడి రాశాను. అంతే.

మార్చి 22

జాలి ఒక్కటే కాదు. "నువ్వు దేవతవమ్మా" అని ఒక్కొక్కరు అంటుంటే నాకు రుచించింది. ఇంటింటికీ పిలిచి బొరుగులతో ఒగ్గాని చేసి పెట్టారు. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లను, అంతకుముందు నన్ను ఎవరూ దేవత అనలేదు.

ఇంకొకటి. అదే నెల గురమ్మ ముట్టు ఎక్కువై ఆగడం లేదని నా దగ్గరికి వచ్చింది. రక్తం పట్టే మాత్రలు ఇచ్చాను. ముట్లు కూడా నిలవని మనిషికి అరవై అయిదు రాశాను. అప్పుడు నలభై ఆరు ఉంటాయేమో. ఇప్పుడు యాభై తొమ్మిది.

మార్చి 26

శివన్న సారుది మంగళ, శుక్రవారాల బ్యాచి. ఇవాళ బ్యాచి మారి వచ్చారు, పెళ్ళి ఉందట. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, కోడుమూరు దగ్గర పొలాలున్నాయి. సూది గుచ్చేటప్పుడు ఆయన ఊరికే ఉండరు, ఏదో ఒకటి చెప్పి నవ్విస్తారు. ఇవాళ వయసు సంగతి వచ్చింది.

"రికార్డులో అరవై నాలుగు. అసలు అరవై ఎనిమిది. బడిలో చేర్పించేటప్పుడు మా నాయిన నాలుగేండ్లు తగ్గించి రాయించినాడు. రిటైర్మెంటు నాలుగేండ్లు వెనక్కి పాయ. మా ఊరి పెద్ద కుటుంబాల్లో అందరిదీ ఇదే కథ. మా నాయిన అబద్ధమాడినా, దూరం చూసినాడమ్మా."

పక్క మంచం మీద ఉన్న ఆయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఉన్నవాళ్ళు పిల్లలకు వయసు తగ్గించారు, లేనివాళ్ళకు నేను పెంచాను. నాలుగేళ్ళ అబద్ధం సారును గీతకు ఇవతల పడేసింది. నేను రాసిన అబద్ధం గురమ్మను అవతల పడేసింది.

మార్చి 28

కల్లూరు నుంచి షేర్ ఆటోలో వస్తుంటే ఎదురుగా కూర్చున్న ఆమెను "అమ్మా, నీ వయసెంత?" అని అడిగాను. ఆమె అనుమానంగా చూసి సంచి దగ్గరికి లాక్కుంది. ఇప్పుడు ఏ ఆడమనిషిని చూసినా మెడ మీద ముడతలు, చేతుల మీద నరాలు చూసి లెక్క వేస్తున్నాను. ఆపుదామన్నా ఆగడం లేదు.

మార్చి 30

ఉగాది. పచ్చడి రుచి చూస్తూ యామిని "అమ్మా, నీకు నిజంగా నలభై ఒకటేనా?" అంది. సరదాకే అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పిల్ల మీద అరిచాను. పండగ పూట అది తినకుండా గదిలోకి పోయింది.

ఏప్రిల్ 2, బుధవారం

గురమ్మ పది రోజులకోసారి అప్పు చేసి ప్రైవేటులో చేయించుకుంటోంది. ముఖం ఉబ్బింది. ఓబులేసు మందుల చీటీకి వెళ్ళినప్పుడు ఆమె పక్కన కూర్చున్నాను. ఆ కార్డు తప్పని ఆమె డాక్టరుతో చెబితే, నేను రాశానని నేను కూడా ఒప్పుకుంటానన్నాను.

ఆమె నవ్వింది. "యాలకమ్మా? నువ్వు మంచి పనే చేసినావు. నువ్వు రాసిన ఏండ్లే ఇన్నేండ్లు మాకు బువ్వ పెట్టినాయి. వాన రాకపోయినా, ఆయప్ప మంచాన పడినా, ఒకటో తారీకు దుడ్లు చేతికొస్తాండె."

"నీ ప్రాణం సంగతి గురమ్మా."

"నేను నోరు తెరిస్తే నా కార్డొకటే చూస్తారా? ఈరక్కది చూస్తారు, సుంకులమ్మది చూస్తారు. అందరిదీ ఒకటో జనవరే. ఇంతమంది నోటికాడి బువ్వ తీసి నేను రగతం కడిగించుకోవాల్నా? వద్దులే. ఓబులేసుకు గూడా చెప్పొద్దు. వానికి నోరు ఆగదు."

వద్దంది. ఆమే వద్దంది. నేను అడిగాను, ఆమె వద్దంది.

ఏప్రిల్ 3

పోయిన ప్రాణం లేచి వచ్చినట్టు హాయిగా నిద్రపోయాను నిన్న. సిగ్గు లేదు నాకు.

ఏప్రిల్ 5

డాక్టరు గారికి చెప్పేశాను. ఊరి పేరు, మిగతావాళ్ళ పేర్లు చెప్పలేదు. నేను రాసిన సంగతి మాత్రం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"నేను ఇది విననట్టే. నువ్వు కాగితం మీద పెడితే నీ ఉద్యోగం పోతుంది, ఆ ఊరి పింఛన్లు పోతాయి. నాకు మాత్రం ఒక్క మిషన్ కూడా పుట్టదు" అన్నారు. తర్వాత ముప్పై ఆరు పేర్ల లిస్టు నా ముందుకు తోసి, పెన్ను దాని మీద పెట్టారు. "ఆమెను ఎక్కిద్దాం. తప్పకుండా ఎక్కిద్దాం. ఎవర్ని దించాలో నువ్వే కొట్టెయ్యి."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగారు. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చూశాను. ఇద్దరు పిల్లల తల్లి ఉంది. డిగ్రీ చదివే భూపేష్ ఉన్నాడు. శివన్న సారు ఉన్నారు. ఆ పేరు మీద పెన్ను ఆగింది. అసలు వయసు ఆయనే నోరారా చెప్పారు కదా, ఒక్క గీత గీస్తే చాలు. నేను ఊళ్ళో ఇరవై మూడు ఫారాలు చెయ్యి వణక్కుండా నింపినదాన్ని. ఇవాళ ఒక్క గీత గీయలేకపోయాను.

పెన్ను పెట్టేసి వచ్చాను.

ఏప్రిల్ 8, మంగళవారం

ప్లాస్టిక్ కవర్లో కార్డు పెట్టుకుని వరండాలో ప్రతిసారీ కూర్చునే ఆ మనిషి ఎవరని శివన్న సారు అడిగారు. చెప్పాను. కార్డులో డెబ్బై ఎనిమిది, నిజానికి యాభై తొమ్మిది అని చెప్పాను. రాసింది ఎవరో చెప్పలేదు.

ఆయన నాలుగు గంటలూ జోకు వేయలేదు. సూదులు తీస్తుంటే అన్నారు, "ఆమె నాకంటే తొమ్మిదేండ్లు చిన్నది. లెక్క ప్రకారం ఈ మంచం ఆమెది. నా శుక్రవారం ఆమెకియ్యి. పేరు నాదే రాసుకో, డాక్టరుకు చెప్పొద్దు."

"మరి మీకు సార్?"

"వారానికొకటితో ఎన్నాళ్ళు లాగుతానో చూద్దాం. రెండూ ఇచ్చేంత మంచోన్ని కాదులేమ్మా" అని నవ్వారు.

ఆయన చెప్పులు నేనే తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

రిజిస్టరులో శివన్న అని రాసి, సూది గురమ్మకు గుచ్చాను. డాక్టరు గారు రౌండ్సుకు వచ్చారు, ఆమెను చూశారు, కేసు షీటు తెరవకుండా పక్క మంచానికి వెళ్ళిపోయారు.

ఆమె హాయిగా నిద్రపోయింది. లేచి "అయిపాయనా? నీ చెయ్యి మెత్తన తల్లీ, ప్రైవేటులో గుచ్చితే పానం పోతాండె" అంది. ఓబులేసు మా స్టాఫుకు ఒక బాక్సు టమాటాలు తెచ్చాడు. కిడ్నీ జబ్బుకు పడవు, నువ్వు మాత్రం ఇవి ముట్టకూడదని ఆమెకు చెబితే పకపకా నవ్వింది. "టమాటా ఊర్లో ఉండి టమాటా తినొద్దంటావు!"

ఏప్రిల్ 18, శుక్రవారం

రెండోసారి. కాళ్ళ వాపు తీసింది. మెట్లు తనే దిగింది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఎన్నాళ్ళకో నేను మంచిదాన్నే అనిపించింది.

ఏప్రిల్ 22, మంగళవారం

సారును కోడలు, డ్రైవరు చెరో పక్క పట్టుకుని తీసుకొచ్చారు. పడుకోలేకపోతున్నారు, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మిషన్ పెట్టిన రెండు గంటలకు తెరిపిన పడ్డారు. కోడలు బయటికి వెళ్ళాక నా వైపు చూడకుండా అన్నారు.

"శుక్రవారం నాది నాకియ్యమ్మా. శానా భయమైతాంది."

"మీదే కదా సార్" అన్నాను.

ఆయన తప్పేముంది? తన అన్నం తను అడిగారు. ఓబులేసుకు ఫోన్ చేసి చెప్పాలి. రేపు చేస్తాను.

ఏప్రిల్ 23

చేయలేదు.

ఏప్రిల్ 24

చేయలేదు. మూడుసార్లు నంబరు తీశాను. సారు మనసు మారుతుందేమోనని చూస్తున్నాను. కొత్త మిషన్ వస్తుందేమోనని చూస్తున్నాను. ఏది చూస్తున్నానో నాకే తెలియడం లేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

తెల్లారకముందే బయలుదేరి, రెండు బస్సులు మారి, తొమ్మిదికల్లా వచ్చేశారు. ఆమె ఉతికిన చీర కట్టుకుంది. నన్ను చూడగానే సూది కోసం జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంది.

"మిషన్ పాడైంది" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. సారుకు కావాలన్నారు అని చెప్పొచ్చు. అది ఆయన వంతేనని మొదట్నుంచీ వాళ్ళకు తెలుసు. కానీ అప్పుడు "ఇంకెవరిదైనా అడుగు సిస్టరమ్మా" అంటారు. లిస్టు మళ్ళీ నా చేతికి వస్తుంది. మిషన్ పాడైతే ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు.

"ఎప్పుడు బాగైతాది?" అన్నాడు ఓబులేసు.

"ఫోన్ చేస్తాను."

గురమ్మ జాకెట్టు చెయ్యి కిందికి దించుకుంది. "పాడైతే నువ్వేం చేస్తావులే తల్లీ. పో, నీ పని చూసుకో పో" అంది. ఆటో నేనే పిలిచి ఎక్కించాను. దయతో కాదు. పదింటికి సారు వస్తారు, ఆలోపు వాళ్ళు గేటు దాటాలి.

ఏప్రిల్ 26

ఓబులేసు ఫోన్. "బాగైందా సిస్టరమ్మా?"

ఇంకా లేదు.

ఏప్రిల్ 28

"బాగైందా?"

ఇంకా లేదన్నాను. ప్రైవేటులో చేయించమన్నాను. "ఇంగ అప్పు పుట్టల్యా" అన్నాడు.

ఏప్రిల్ 29, మంగళవారం

సారు తేరుకున్నారు. మజ్జిగన్నం తిన్నానని చెప్పారు. కాసేపాగి "ఆయమ్మ ఏమనింది?" అని అడిగారు.

"సరేనంది సార్. వేరేచోట దొరికిందట" అన్నాను.

"మంచిదైంది" అని కళ్ళు మూసుకున్నారు.

మధ్యాహ్నం ఓబులేసు ఫోన్. "కాళ్ళు మళ్ళీ ఊదినాయి. ఆయాసపడతాంది. నీళ్ళు నీళ్ళని ఏడుస్తాంది సిస్టరమ్మా, ఈ ఎండకు. ఒక గ్లాసు ఇయ్యొచ్చా?"

అర గ్లాసు ఇవ్వమన్నాను. ఈ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నాను, గట్టిగా చెప్పాను. వాడు ఫోన్ పక్కకు పెట్టి తల్లిని అడిగాడు. ఆమె గొంతు వినపడింది కానీ మాటలు తెలియలేదు. "మీ కాడ బాగైతే ఆడికే వస్తాదంట. మీ సూదైతే నొప్పి ఉండదంట. ఇంగా ఎన్ని దినాలు పడుతుంది?"

"రెండు రోజులు" అన్నాను.

ఎందుకన్నాను?

ఏప్రిల్ 30

ఫోన్ రాలేదు.

మే 1

రాలేదు. నేనే చేయొచ్చు. సెలవు కూడా, పనేమీ లేదు. బీరువాలో బట్టలన్నీ తీసి మళ్ళీ మడత పెట్టాను. ఆమెను పిలిపించి మంచం ఎక్కించి, పేరు ఎవరిదైతే అది రాసి, అడిగినవాళ్ళకు సమాధానం చెప్పుకుని ఉండొచ్చు. నాకు ఇప్పుడు తోస్తున్నాయి ఇవన్నీ. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను కళ్ళు తెరుచుకునే తాగాను.

మే 2, శుక్రవారం

పదకొండింటికి ఓబులేసు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తల గొరిగించుకుని ఉన్నాడు.

"బుధవారం పొద్దున పాయ" అన్నాడు. "నీళ్ళడిగింది. ఇచ్చినా. నిండా గ్లాసు ఇచ్చినా సిస్టరమ్మా, నీ మాట ఇనలేదు."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు.

"మా యమ్మ పేరు వరసలో ఉండాది గదా. కొట్టేసి ఇంగొకరికి ఇయ్యండి. ఎవరో ఒకరు కాసుకోనుంటారు. అదే చెప్పిపోదామని వచ్చినా" అన్నాడు. అందుకోసం రెండు బస్సులు మారి వచ్చాడు.

అప్పుడు అతని చూపు లోపలికి పోయింది. నాలుగు మిషన్లూ తిరుగుతున్నాయి. కిటికీ పక్క దాని మీద శివన్న సారు ఉన్నారు. గురమ్మ రెండుసార్లు పడుకున్నది దాని మీదే.

"మిషను బాగైందా?"

"అయింది."

"ఎప్పుడు?"

నిజం చెప్పే వీలు ఆ ఒక్క క్షణం నాకు దొరికింది. అతను ఎదురుగానే ఉన్నాడు, తిట్టేవాడు, కొట్టేవాడు, కొట్టినా బాగుండేది. "నిన్న సాయంత్రం" అన్నాను.

అతను వేళ్ళ మీద లెక్క పెట్టాడు. బుధవారం, బేస్తవారం. "ఒక్క దినం" అన్నాడు. "ఒక్క దినం ఉగ్గబట్టుకోనుంటే సరిపోతాండె మా యమ్మ." లోపలికి వెళ్ళి మిషన్ మీద అరచెయ్యి పెట్టాడు. "దీన్నేమంటాంలే. ఇనుము." తర్వాత సారు వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. "నీకు బాగుండాల సార్."

సారు కళ్ళు మూసుకుని ఉన్నారు. రెప్పలు అదురుతున్నాయి.

ఓబులేసు వెళ్ళాక వెయిటింగ్ లిస్టు తీసి ఆమె పేరు మీద గీత గీశాను. ఆ కింది పేరు ఒక ముసలాయనది, వయసు డెబ్బై ఒకటి. అది నిజమో కాదో నాకు తెలియదు.

రెండింటికి సారు సూదులు తీశాను. ఆయన లేవలేదు. నా మణికట్టు పట్టుకుని "నిన్న సాయంత్రం బాగైందా?" అని అడిగారు. మంగళవారం ఆయన పడుకున్నది ఈ మిషన్ మీదే.

అవునన్నాను. ఆయన తల ఊపారు.